సున్నా నుంచి మూడు దాకా

సారీ, అంటోంది ఆఫీసు ఆవిడ. ఇది నాలుగోసారి. పన్నెండింటికల్లా రమ్మన్న వైస్ ప్రిన్సిపాల్ ఇంకా నాలుగో తరగతిలోనే ఉందట, ఆ టీచరుకి ఒంట్లో బాగాలేదట, బదులు వచ్చే టీచర్లు దొరకడం లేదట, అందుకని తనే వెళ్లి పిల్లలకి భిన్నాలు చెబుతోందట, ఒంటిగంట బెల్లు కొట్టగానే వచ్చేస్తుందట, సో సారీ. పర్వాలేదన్నట్టు తల ఊపాను. ఎందుకు ఊపానో నాకే తెలియదు. పదకొండేళ్లుగా ఈ దేశంలో వాళ్లు సారీ అనడం, నేను పర్వాలేదనడం, ఇదే పని. ఏది పర్వాలేదు? వాన్ అనే ఊళ్లో ఉన్న వేర్‌హౌస్ ఆఫీసు నుంచి షిఫ్టు సగంలో లేచి, సూపర్‌వైజర్ మొహం చూడకుండా బ్యాగు భుజాన వేసుకుని, బస్సు, సబ్‌వే, మళ్లీ బస్సు. ఆ ఆఖరి బస్సు నిరుడు పది నిమిషాలకొకటి వచ్చేది, ఇప్పుడు అరగంటకొకటి. స్టాపులో కాగితం కూడా అంటించారు, మీకు మరింత మెరుగైన సేవలు అందించడంలో భాగంగా అని. తగ్గించాం అని రాయడానికి చేతులు రాలేదు మహానుభావులకి. మెరుగైన సేవ కోసం మంచులో ఇరవై ఆరు నిమిషాలు నిలబడ్డాను, కాలి వేళ్లు ఇప్పటికీ నా వేళ్లలా లేవు, పర్వాలేదు, సారీ, పర్వాలేదు.

ఆఫీసు పక్కన చిన్న గది, మధ్యలో అద్దాల కిటికీ, జ్వరం వచ్చిన పిల్లల్ని పడుకోబెట్టే గది అది. అందులో కుర్చీలో కూర్చుని వర్షిణి కాగితం చింపుతోంది. సన్నగా, నిలువుగా, ఒక్క పీలిక కూడా వంకర పోకుండా. ఎనిమిదేళ్లు దానికి. మాటలు పది, పన్నెండు. అందులో ఎక్కువ వాడేది ఆల్ డన్. అన్నం చాలన్నా ఆల్ డన్, బొమ్మ విరిగిపోయినా ఆల్ డన్, వాళ్ల నాన్న కాల్గరీ విమానం ఎక్కడానికి సూట్‌కేసు లాక్కుంటూ వెళుతుంటే కూడా ఆల్ డన్. జ్వరం లేని పిల్లని జ్వరం గదిలో ఎందుకు కూర్చోబెట్టారంటే క్లాసులో దాని పక్కన కూర్చునే మనిషి లేదు కనుక. గది తలుపు ఆఫీసులోకే తెరుచుకుంటుంది కాబట్టి ఆఫీసు ఆవిడ ఫోను ఎత్తుతూ, ముక్కు నుంచి రక్తం కారుతున్న పిల్లాడికి టిష్యూ ఇస్తూ, ఆలస్యంగా వచ్చిన వాళ్లకి చీటీ రాస్తూ, ఒక కన్ను ఇటు వేసి ఉంచుతుందట. ఒక్క కన్ను. నా కూతురికి ప్రభుత్వం వారు మంజూరు చేసినది అంతే.

ఒళ్లో ఫారం ఉంది. ఇరవై నాలుగు ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి మూడు దాకా నాలుగు గళ్లు. సున్నా అంటే చేయలేదు, ఒకటి అంటే అప్పుడప్పుడు, రెండు అంటే చాలావరకు, మూడు అంటే ఎవరి సాయమూ లేకుండా. వైస్ ప్రిన్సిపాల్ పొద్దున ఫోనులో గొంతు తగ్గించి చెప్పింది, మీరు ఇది మళ్లీ నింపి ఇవ్వండి, స్కూల్లో మేం చూసిందీ అదే అని నేను కింద సంతకం పెడతాను, ఇవాళే అర్జెంటు రివ్యూకి పంపిస్తాను, స్కోరు బాగా తక్కువ వస్తే వర్షిణికి మళ్లీ ఒక మనిషిని ఇవ్వొచ్చు, రాకపోతే మాత్రం వచ్చే వారం నుంచి పిల్లని పదకొండింటికే ఇంటికి తీసుకుపోవాలి, జూన్ దాకా. తొమ్మిదింటికి తేవడం, పదకొండింటికి తీసుకుపోవడం. దీనికి కూడా ఒక చక్కటి పేరుంది, మోడిఫైడ్ డే. రోజుని మోడిఫై చేశారు. నా ఉద్యోగాన్ని ఎవరు మోడిఫై చేస్తారు? మా బిల్డింగులో శాంత ఆంటీ ఉంది, మనసు బంగారమే కానీ మోకాళ్లు నడవనివ్వవు, వర్షిణి పరుగెత్తితే ఆవిడ కేక మాత్రమే వెనకాల పరుగెత్తుతుంది. చక్రధర్ అయితే ఫోనులో ఎంత తేలిగ్గా అనేశాడో, "పోనీ నువ్వు కొన్నాళ్లు జాబ్ మానెయ్ దమయంతీ" అని. కొన్నాళ్లు. అతను నాలుగు నెలల కాంట్రాక్టు అని కాల్గరీ వెళ్లి పదో నెల నడుస్తోంది, కొన్నాళ్లంటే ఎన్నాళ్లో నాకు తెలుసు.

ఒకటో ప్రశ్న. చేతులు తనంతట తాను కడుక్కుంటుందా? మే నెలలో ఇదే ఫారం మా భోజనాల బల్ల మీద ఉంది, చక్రధర్ లాంగ్ వీకెండ్‌కి వచ్చాడు, నీలం పెన్ను తీసుకుని సరదాగా కూర్చున్నాడు. ఫారమంటే అతనికి పండగే. మా తెలుగువాళ్లలో అతన్ని పాయింట్ల పండితుడంటారు, ఎవరింట్లో పాట్‌లక్ అయినా ప్లేటు పట్టుకుని ఒకడు వచ్చి పక్కన చేరతాడు, అన్నా నాకు పీఆర్‌కి పాయింట్లు తగ్గాయి ఏం చేయమంటావ్ అని. వయసుకిన్ని, ఇంగ్లీషుకిన్ని, పెళ్లాం డిగ్రీకిన్ని, ఒక్కో పాయింటూ ఎక్కణ్నుంచి పిండాలో అతనికి నోటికి వచ్చు. మేం ఈ దేశంలోకి వచ్చిందే అలా. ఫారమంటే మాకు తెలిసింది ఒక్కటే, ఎంత ఎక్కువ వస్తే అంత లోపలికి రానిస్తారు. ఆ అలవాటే చేతిలో ఉంది. నేను చేతులు కడుక్కోవడం దగ్గర ఒకటి పెట్టు అంటే, "ఒకటేంటే, పంపు తిప్పితే కడుక్కుంటుందిగా, రెండెయ్యి" అన్నాడు. చెంచాతో తింటుందా అంటే మూడు. పిలిస్తే పలుకుతుందా అంటే, అతను రెండు పెట్టి నా వైపు చూడలేదు. "మన పిల్లని మనమే తక్కువ చేసుకుంటామా?" అన్నాడు. కాదనలేదు నేను. ఎలా కాదంటాను? పుట్టింటివాళ్లకి కూడా పూర్తిగా చెప్పని సంగతి అది, వీడియో కాల్లో అమ్మ అడిగితే మాటలు వస్తున్నాయమ్మా అంటూనే ఉన్నాను ఐదేళ్లుగా.

స్కూల్లో వర్షిణిని చూసుకునే మిస్ అనీట చెప్పింది. చెప్పలేదనడానికి లేదు. గేటు దగ్గర నిలబడి, చలికి ముక్కు ఎర్రబడి, మెల్లిగా చెప్పింది, ఈసారి ఫారాన్ని బట్టే అందరు పిల్లలకీ మనుషుల్ని పంచుతారట, రాసేటప్పుడు దాని వర్స్ట్ డే గుర్తు తెచ్చుకుని రాయండి మామ్ అని. గయానా మనిషి, యాభై ఐదేళ్లుంటాయి, నన్ను మామ్ అనేది, నేను తనని మిస్ అనేదాన్ని, ఇద్దరం ఒకర్నొకరు పెద్ద చేసుకునేవాళ్లం. సరే సరే అన్నాను గానీ లోపల కోపం వచ్చింది. కన్నబిడ్డ గురించి చెడ్డరోజు తలుచుకుని, అది కాదు, ఇది రాదు అని నా చేత్తో రాయడమా? తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. మా నాయనమ్మ చిన్నప్పుడు మేం పరీక్ష తప్పుతామేమో అన్నా నోటి మీద కొట్టేది, అనకూడదే, పైన వాళ్లు వింటూ ఉంటారు, తథాస్తు అన్నారంటే అయిపోయినట్టే అని. నోటితో అనకూడనిది సర్కారు కాగితం మీద ఎలా రాస్తాను? మూడు రాస్తే మూడే అవుతుందని కదా మా ఆశ. మూడే అయ్యింది, కాగితం మీద. సెప్టెంబరులో ఉత్తరం వచ్చింది, మీ అమ్మాయి స్వతంత్రంగా ఉండగలదని తెలిసి సంతోషిస్తున్నాం అని. అంతకన్నా పెద్ద ముక్క ఏమిటంటే రెండేళ్లు దాని పక్కన చిన్న కుర్చీలో మోకాళ్లు మడుచుకుని కూర్చున్న మిస్ అనీటకి ఉద్యోగం లేదు. ఇప్పుడు మూడు క్లాసుల్లో ముగ్గురు పిల్లలకి కలిపి ఒక అమ్మాయి, ఆ అమ్మాయి వరండాలో అటూ ఇటూ పరుగెడుతూ ఉంటుంది, దాన్ని తిట్టాలన్నా నోరు రాదు.

ఎవర్ని తిట్టను మరి? కోపానికి కూడా ఒక మనిషి కావాలి కదా. కాకినాడలో మా నాన్న నీళ్లు రాకపోతే మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద నిలబడి అరిచేవాడు, లోపల కుర్చీలో ఒక మనిషి ఉండేవాడు, ఆ అరుపు ఆయనకి తగిలేది, మర్నాడు ట్యాంకరు వచ్చేది. ఇక్కడ ఎవరి మీద అరిచినా వాళ్లు నాకంటే అలిసిపోయి ఉంటారు. ఈ ఆఫీసు ఆవిడ మధ్యాహ్నం టీ తాగడం నేనెప్పుడూ చూడలేదు. వైస్ ప్రిన్సిపాల్ రెండు స్వెట్టర్లు వేసుకుని తిరుగుతుంది, పై అంతస్తులో హీటింగ్ పోయి మూడు వారాలైందట, బాగుచేసేవాడు వంతు ప్రకారం వస్తాడట. లైబ్రరీ గది తాళం వేసి ఉంది, లైబ్రేరియన్ వారానికి ఒకరోజే. స్కూళ్ల బడ్జెట్‌లో కోత పెట్టిన మనిషి మాత్రం ఎక్కడా కనపడడు. ఎక్కడో వెచ్చటి గదిలో, తుడిచిన బల్ల ముందు, మంచినీళ్ల గ్లాసు పక్కన పెట్టుకుని, ఇది కోత కాదు, రీఅలైన్‌మెంట్, సర్దుబాటు అన్నాడు. టీవీలో చూశాను, నవ్వుతూనే అన్నాడు. క్లాస్‌రూముల మీద ప్రభావం ఏమీ ఉండదన్నాడు. రావయ్యా, వచ్చి ఒక్క గంట ఈ అద్దం ముందు కూర్చో. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని సామెత. స్కూల్లో ఉంచరు, నన్ను ఉద్యోగానికీ పోనివ్వరు, పైగా ఫారం ఇచ్చి నీ బిడ్డ ఎంత చేతకానిదో నువ్వే రాసి తెమ్మంటారు.

రాస్తున్నాను. చేతులు కడుక్కోవడం, సున్నా. పెన్ను కాగితం మీద గుండ్రంగా తిరిగి తను మొదలైన చోటికే వచ్చి ఆగింది. చెంచా, సున్నా. ఇది అబద్ధం, పెరుగన్నం చెంచాతో తింటుంది, పెరుగన్నం ఒక్కటే తింటుంది, అయినా సున్నా. పిలిస్తే పలకడం, సున్నా, ఇది నిజం, రాస్తుంటే కళ్లు మండాయి. తనకి ఏం కావాలో చెప్పగలదా? సున్నా. గోపీకృష్ణ గారింట్లో గృహప్రవేశానికి వెళితే అందరి మధ్యా చెవులు మూసుకుని అరిచింది, మిక్సీ చప్పుడు అని నాకు తెలుసు, చెప్పలేకపోయింది, ఆ ఆంటీలందరూ పాపం పిల్లకి నిద్ర వచ్చినట్టుంది అని నాకు దారి ఇచ్చారు, నేనూ అవునవును నిద్ర అన్నాను. ఆ అవునవునుకి ఇవాళ బదులు రాస్తున్నాను, సున్నా, సున్నా. తథాస్తు దేవతలూ, మీరు కాసేపు వేరే పని చూసుకోండి, ఇది ఆశ కాదు, భయం కాదు, ఇది దరఖాస్తు.

పదిహేడో ప్రశ్న. కోటు తనంతట తాను వేసుకుని, జిప్పు పెట్టుకుంటుందా? ఇక్కడ చెయ్యి ఆగింది. దీని మీద మిస్ అనీట రెండేళ్లు పోరాడింది. జిప్పు కొస వర్షిణి వేళ్లకి దొరకదని తన తాళాల గుత్తిలోంచి ఒక రింగు తీసి తగిలించింది, అది ఇప్పటికీ ఆ ఊదారంగు కోటుకే ఉంది. రోజూ ఆటల బెల్లుకి అందరు పిల్లలూ బయటికి పోయాక వీళ్లిద్దరూ గోడ దగ్గర నేల మీద కూర్చునేవాళ్లు. ముందు బూట్లు, తర్వాత కోటు, తర్వాత జిప్పు, ఆ తర్వాత తలుపు దగ్గర నిలబడి చెయ్యి చాచాలి, అప్పుడు మిస్ వచ్చి చెయ్యి పట్టుకుంటుంది, అప్పుడే తలుపు. వరస తప్పితే మళ్లీ బూట్ల నుంచి. కింద రెండు కొసలూ కలపడం ఒక్కటే రాలేదు. ఆటల టైము కాస్తా అయిపోయేది, వీళ్లు తలుపు దగ్గరికి చేరేసరికి మిగతా పిల్లలు లోపలికి వచ్చేసేవాళ్లు, అయినా ఇద్దరూ బయటికి వెళ్లి ఒక నిమిషం నిలబడి వచ్చేవాళ్లట. జూన్ ఆఖరి రోజు మిస్ అనీట అంది, షీ ఈజ్ దిస్ క్లోజ్, మామ్, అని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బియ్యపుగింజంత సందు పెట్టి చూపించింది. ఆ సందు పూడ్చడానికి బడ్జెట్ లేదు. ఇంట్లో నేను ప్రయత్నించలేదా? ఎన్నిసార్లు? పొద్దున బస్సు టైముకి నేనే లాగేస్తాను, చర్రుమని, మెడ దాకా, పద పద అని. సున్నా. ఇది మాత్రం నిజమైన సున్నా, దీంట్లో నా పాలు కూడా ఉంది.

ఇంకా రాయాల్సినది ఒకటుంది, ఆఖరిది, దాన్ని చూడకుండా ఇందాకటి నుంచి పక్కన తిరుగుతున్నాను. పెద్దవాళ్లు పక్కన లేకపోయినా ఉన్నచోటే ఉంటుందా? మే నెలలో దీనికి మూడు పెట్టింది చక్రధర్ కాదు. నేను. అతను పెన్ను నాకిచ్చి చాయ్ పెట్టడానికి లేచాడు, నేనే పెట్టాను, మూడు, ధైర్యంగా, ఎందుకంటే మా ఇంట్లోంచి అది ఎప్పుడూ బయటికి పోలేదు. ఎలా పోతుంది, తలుపుకి పైన, నాకు కూడా మునివేళ్ల మీద నిలబడితేగానీ అందని చోట గడియ బిగించాం కదా. గడియ సంగతి ఫారంలో అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదు, పిల్లని గడియ వేసి పెడుతున్నారని రాసుకుంటారేమో అని భయం. కడుపున పుట్టిన దాని గురించి ఇన్ని రకాల భయాలు మోస్తూ ఒక్క గడిలో మూడు పెట్టాను. స్కూల్ బోర్డువాళ్లు చూసింది ఆ మూడునేనేమో. పోయిన గురువారం వర్షిణి స్కూల్లోంచి కోటు లేకుండా, చొక్కాతో, మంచులో, రోడ్డు దాటి అవతలి బస్‌స్టాపు దాకా పోయింది. కారు డ్రైవరెవరో ఆపి, దిగి, తన జాకెట్టు కప్పి తీసుకొచ్చాడు. రిపోర్టులో రాశారు, ఏ కారణమూ లేకుండా పరుగెత్తినది అని. కారణం లేకుండానా? రెండేళ్లు సాయంత్రం నేను దాన్ని తీసుకెళ్లేటప్పుడు మిస్ అనీట ఆ స్టాపులో నిలబడి బస్సు వచ్చేదాకా చెయ్యి ఊపేది. అది పారిపోలేదు, తన మనిషిని వెతుక్కుంటూ పోయింది. ఆ గడిలో సున్నా పెట్టాను, పెన్ను కాగితంలో దిగబడేంత గట్టిగా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం, తెలుసు, అయినా ఆకులైనా ఇవ్వండి.

బెల్లు కొట్టింది. తల ఎత్తాను. అద్దం అవతల కుర్చీ ఖాళీ. నేల మీద కాగితం పీలికలు వరసగా పేర్చి ఉన్నాయి, కుర్చీ వీపు మీద కోటు లేదు, కింద బూట్లు లేవు, ఫారంలో తల పెట్టుకున్న నా పక్కనుంచే పోయి ఉంటుంది. ఆఫీసు ఆవిడ ఫోనులో ఎవరికో సారీ చెబుతోంది. నేను అరిచానో లేదో తెలియదు, ఫారం చేతిలోనే ఉంది, వరండాలోకి పరుగెత్తాను, క్లాసుల్లోంచి పిల్లలు వరదలా వస్తున్నారు, ఎర్ర కోట్లు, నీలం కోట్లు, ఊదారంగు ఏది, తలుపు ఏ వైపు, గురువారం ఏ తలుపు, దేవుడా, రోడ్డు మీద ఇప్పుడు ట్రక్కులు తిరిగే టైము.

వరండా చివర గాజు తలుపు దగ్గర నిలబడి ఉంది. తలుపు తోయలేదు. గోడకి ఆనుకుని, పిల్లలు తనని రాసుకుంటూ పోతున్నా కదలకుండా. బూట్లు కుడిది ఎడమకీ ఎడమది కుడికీ. కోటు ఒంటి మీద. జిప్పు, కింద కొస నుంచి గడ్డం దాకా, మూసి ఉంది. రింగు మెడ దగ్గర ఊగుతోంది. కుడిచెయ్యి చాచి ఉంది, ఎవరో వచ్చి పట్టుకుంటారని. నేను మోకాళ్ల మీద కూలబడి ఆ చెయ్యి పట్టుకున్నాను. నా చేతిని ఒకసారి చూసింది, వదిలించుకుంది, మళ్లీ చాచింది, నా భుజం మీదుగా వరండా వైపు. "ఆల్ డన్" అంది. ఆ సందు పూడింది. ఈ ఐదు నెలల్లో ఏ గోడ దగ్గర ఒంటరిగా కూర్చుని పూడ్చుకుందో, ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు. లేచి కేక పెట్టాలనుంది, ఆ పిల్లలందర్నీ ఆపి చూడండర్రా అనాలనుంది, మిస్ అనీటకి ఫోను చేయాలనుంది, నెంబరు కూడా ఎప్పుడూ అడగలేదు.

వెనక అడుగుల చప్పుడు. వైస్ ప్రిన్సిపాల్, రెండు స్వెట్టర్లు, చేతికి సుద్ద, ఒగరుస్తూ వస్తోంది, సారీ సారీ అంటూనే. వచ్చి ఆగింది. నా చేతిలోని ఫారం తీసుకుంది, ఒక్కో గడీ చూసుకుంటూ పోయి పదిహేడో ప్రశ్న దగ్గర ఆగి తలెత్తింది. సంతకం పెట్టాల్సిన మనిషి. జిప్పుని చూసింది, రింగుని చూసింది, అలిసిపోయిన మొహం ఒక్కసారి విచ్చుకుంది, మంచి మనిషే, నిజంగానే సంతోషించింది. "ఓ మై గాష్, వర్షిణీ! డిడ్ షీ డూ దట్ ఆల్ బై హర్‌సెల్ఫ్?"

వర్షిణి చెయ్యి ఇంకా చాచే ఉంది.

"నో" అన్నాను. "ఐ డిడ్ ఇట్."

ఆవిడ ముఖంలో సంతోషం ఆరిపోయింది, ఓ, సారీ, అంది, ఫారాన్ని గోడకి ఆనించి సంతకం పెట్టింది. తథాస్తు దేవతలారా, విన్నారు కదా. తథాస్తు అనవలసి వస్తే ఆ మాట నా బిడ్డ మీద పడకూడదు. చేతకానితనం, దిక్కులేనితనం, ఎవరి చెయ్యి దొరక్క తలుపు దగ్గర నిలబడటం, అంతా నా చేత ఈ ముక్క అనిపించిన వాళ్లకి తగలాలి.